పెట్టెలో కాటమరాజు చెయ్యి

ఆ పెట్టెను మొదటిసారి చూసినప్పుడు రామతులసమ్మ దాన్ని ఇడ్లీ పాత్ర అనుకుంది. అలా అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. పిల్లల పలకకంటే కొంచెం పెద్దది, మందంగా, నల్లగా ఉంది. పైన వరసకు నాలుగు చొప్పున చదరపు రబ్బరు బిళ్లలు. కోడలు ప్రసన్నలక్ష్మి పామూరు నుంచి కాపరానికి వస్తూ పట్టుచీరల మడతల మధ్య భద్రంగా పెట్టుకుని తెచ్చిన వస్తువు అది.

"కరెంటు ఇడ్లీ పాత్రా అమ్మా? మూత యాడ పెట్టినావు?" అని అడిగింది.

కోడలు నవ్వలేదు. ఆ పిల్లలో అత్తకు మొదట నచ్చిన గుణం అదే. "శాంప్లర్ అంటారత్తా. ఏ చప్పుడైనా పట్టి దీంట్లో వేసుకోవచ్చు. బిళ్ల నొక్కితే అదే చప్పుడు మళ్లీ వస్తాది" అని చెప్పింది.

ప్రసన్నలక్ష్మి అన్నకు పామూరులో పెళ్లిళ్లకు పాడే ఆర్కెస్ట్రా ఉంది. పెళ్లికాక ముందు ఆ పిల్ల ఈ పెట్టె ముందు కూర్చుని డోలు, తాళాలు, గజ్జెలు అన్నీ వేళ్ల కొసలతోనే పలికించేది. గిద్దలూరు వచ్చాక ఆర్కెస్ట్రా లేదు గానీ వేళ్లు ఊరుకోవు కదా. కుక్కర్ కూత, మజ్జిగ చిలికే చప్పుడు, వీధిలోకి వచ్చే నీళ్ల ట్యాంకర్ హారన్, ఒక్కొక్కటీ ఒక్కో బిళ్లలోకి చేరాయి. ఒక మధ్యాహ్నం రామతులసమ్మ ఆవలిస్తూ "కృష్ణా, రామా" అనుకుంటే అదీ పెట్టెలోకి పోయింది. మర్నాడు కోడలు బిళ్ల నొక్కితే తన గొంతే తనకు వినపడి ఆమె వంటింట్లోంచి పరుగున వచ్చింది.

రామతులసమ్మ బడికి పోయింది తక్కువే అయినా ప్రశ్నలకు కొదవలేని మనిషి. దేవుడి విషయంలో అయితే మరీ. "ఇది నామం పలికితే ఆ పుణ్యం ఎవరికి పోతాది?" అని అడిగింది.

"కరెంటు బిల్లు ఎవరు కడితే వాళ్లకత్తా."

బిల్లు భర్త పుల్లారావు పేరు మీద వస్తుంది. ఆయనకు వచ్చినదాంట్లో తనకు సగం రాకపోతుందా అని రామతులసమ్మ సర్దుకుంది.

ఆ పెట్టెకు ఇంకో విద్య కూడా ఉంది. దాని పేరు సీక్వెన్సర్. కోడలు విడమరిచి చెబితే రామతులసమ్మకు సులువుగానే అర్థమయింది. చప్పుళ్లను పట్టడం పూలు కోసి బుట్టలో వేసుకోవడం లాంటిది. సీక్వెన్సర్ వాటిని దారానికి గుచ్చడం లాంటిది. ఏ పువ్వు తర్వాత ఏ పువ్వు, మధ్యలో ఎంత ఎడం అని ఒకసారి గుచ్చి పెడితే చాలు, ఆ దండ ఆపమనే దాకా అలాగే తిరుగుతూ ఉంటుంది. అలసట లేదు, ఆవలింత లేదు, కాఫీ అడగదు.

ఇక పుల్లారావు సంగతి. బజారులో ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. వారమంతా అక్కడ గిన్నెల మోతకు పోటీగా అరుస్తాడు. శనివారం సాయంత్రం మాత్రం స్నానం చేసి, నామం పెట్టుకుని, ఇంటి హాల్లో వేంకటేశ్వరస్వామి పటం ముందు కూర్చుని భజన ఎత్తుకుంటాడు. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి కూర్చుంటారు. ఆయన ఒక వరస పాడితే అందరూ తిరిగి అదే పాడతారు. ఆయన నాయన నేర్పిపోయిన వరస ఒకటుంది, ఊళ్లో దాన్ని పుల్లారావు వరస అనే అంటారు. దాన్ని పాడాక ఆ మనిషి వేరు. సోమవారం దుకాణం తలుపు తీసేదాకా ఇంట్లో మాట మెత్తగా ఉంటుంది, అన్నంలో ఉప్పు తక్కువైనా తినేస్తాడు. రామతులసమ్మ సంసారం సగం ఆ శనివారాల మీదే నడిచింది.

ఆ వరసలోనే ఒక లోపం ఉంది. ఎనిమిది దెబ్బలు పడాల్సిన చోట పుల్లారావు ఏడు దెబ్బలకే పై మాట ఎత్తుకుంటాడు. చివరి దెబ్బను మింగేస్తాడు. పెళ్లయి వచ్చిన ఏడాదే రామతులసమ్మ అది కనిపెట్టింది. కనిపెట్టి గమ్మున ఉండిపోయింది, ఎందుకంటే ఆయన తత్వం ఆమెకు అప్పటికే తెలుసు. ఎప్పుడో స్కూటర్ మీద నుంచి పడితే బజారులో ఎవరో నవ్వారట. అంతే, జన్మలో మళ్లీ స్కూటర్ ఎక్కలేదు. నవ్వు తగిలిన పనిని ఆయన మళ్లీ ముట్టడు. పాట మీద నవ్వు పడితే పాట పోతుంది. పాట పోతే శనివారం పోతుంది. ఒకసారి గొంతు బాగాలేక నెలపాటు భజన లేకపోతే, ఆయన వంటింట్లోకి వచ్చి డబ్బాలన్నీ సైజుల వారీగా సర్దాడు. ఉప్పు డబ్బా దొరక్క ఆ నెలంతా ఆమె ఏడవడమొక్కటే తక్కువ.

ఇన్నేళ్లు ఆ లోపం బయటపడకుండా కాపాడింది కాటమరాజు. కొమరోలు పక్క పల్లెలో ఆయనకు గొర్రెల మంద ఉంది. శనివారం మందను భార్య మల్లికి అప్పగించి, డోలక్‌ను పాత పంచెలో చుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. పుల్లారావు దెబ్బ మింగేచోట తనూ మింగేవాడు. నిద్రపోతున్న కుక్కను లేపకుండా దాటినట్టు, అంత సాఫీగా. పక్కన పాడేవాళ్లకు తాళం ఎప్పుడూ సరిగ్గానే ఉన్నట్టుండేది. ఒక్క రామతులసమ్మకు మాత్రమే తెలుసు. ఆ చోటు వచ్చినప్పుడు కాటమరాజు ఒకసారి ఆమె వైపు చూసేవాడు, ఆమె పటం వైపు చూసేది. ఆ ఇద్దరూ దాన్ని గురించి ఎన్నడూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

తంటా ఒక శనివారం వచ్చింది. ఆ రోజు దుకాణంలో ఎవరితోనో గొడవై పుల్లారావు చిరాకుగా ఉన్నాడు. ఒకటి మింగాల్సిన చోట రెండు మింగాడు. కాటమరాజు చెయ్యి అందుకోలేకపోయింది. పాట తడబడింది. పుల్లారావు పాట ఆపి, నలుగురూ వింటుండగా అన్నాడు:

"తాళం పట్టుకోలేనప్పుడు గొర్రెలు కాసుకోవచ్చు గదా కాటమరాజన్నా. ఇంత దూరం రావడమెందుకు?"

కాటమరాజు డోలక్‌ను పంచెలో చుట్టుకున్నాడు. తీర్థం తీసుకున్నాడు, ప్రసాదం కళ్లకద్దుకున్నాడు, వెళ్లిపోయాడు. పై శనివారం రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. ఫోన్ చేస్తే మల్లి ఎత్తి, ఆయన మందతో కొండకు పోయినాడని చెప్పింది. వెనకాల కాటమరాజు దగ్గు వినబడుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే మార్కాపురం నుంచి కబురొచ్చింది. మాఘమాసంలో అక్కడి రామమందిరంలో ఏకాహం. రాత్రీ పగలూ తెగకుండా నామం సాగాలి. ఒక్కో ఊరి భజన జట్టు వంతులవారీగా వచ్చి అందుకోవాలి. గిద్దలూరు జట్టుకు పొద్దున పూట వంతు ఇచ్చారు. పుల్లారావు పొంగిపోయాడు. రామతులసమ్మకు మాత్రం కాటమరాజు గుర్తొచ్చాడు. మార్కాపురం అంటే భజన తెలిసినవాళ్ల ఊరు. అక్కడ కాటమరాజు లేకుండా ఈయన దెబ్బ మింగితే పదిమందీ నవ్వుతారు. ఆ తర్వాత తన ఇంట్లో శనివారం ఉండదు.

కాటమరాజును పోయి పిలుచుకురమ్మని మెల్లగా చెప్పి చూసింది. పుల్లారావు వినలేదు. "లోకంలో డోలక్ ఆయన ఒక్కడికేనా ఉండేది? మనింట్లో యంత్రం ఉండాది గదా" అని కోడలి వైపు తిరిగాడు.

ప్రసన్నలక్ష్మి కుదురుగా ఎనిమిది దెబ్బల దండ గుచ్చింది. శనివారం జట్టంతా కూర్చుంది. పెట్టె మోగింది. పుల్లారావు ఎత్తుకున్నాడు. మొదటి వరస చివరికి వచ్చేసరికి ఆయన ఒక దెబ్బ ముందుకు పోయాడు, పెట్టె తన దారిన తను ఎనిమిదో దెబ్బ కొట్టింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అంతే. విచిత్రమేమిటంటే జట్టులో ఒక్కరికీ ఆయన తప్పు కనబడలేదు. ఏళ్ల తరబడి ఆయన వెంట పాడి పాడి అందరూ ఆ దెబ్బ మింగడానికే అలవాటుపడ్డారు. పక్కింటి ఆదిలక్ష్మమ్మ అయితే తాళాలు ఒళ్లో పెట్టేసి, ఈ పెట్టె వరసకొకటి ఎక్కువ కొడుతోందని తేల్చేసింది.

"అదే నేను చెప్పేది. అదనంగా కొడుతుండాది. గ్యారంటీ ఉంటే కంపెనీకి పంపించు, బాగు చేసి ఇస్తారు" అన్నాడు పుల్లారావు.

ఆ రాత్రి అన్నాల దగ్గర కోడలు దిగాలుగా కూర్చుంది. తన యంత్రం తప్పు కొట్టదని ఆ పిల్లకు తెలుసు. మామ తప్పు పాడాడని అనడానికి నోరు రాదు. మామ, భర్త రామ్‌ప్రసాద్ తిని లేచి బయటికి వెళ్లాక మెల్లగా అంది, "అత్తా, మామ ఒకటి మింగుతుండాడు."

రామతులసమ్మ నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇన్నేళ్లు ఒంటరిగా మోసిన రహస్యం పంచుకోవడానికి ఒక మనిషి దొరికితే వచ్చే నవ్వు అది. నవ్వు తగ్గాక కథంతా చెప్పింది, స్కూటర్ సంగతితో సహా.

ప్రసన్నలక్ష్మి దండలో ఆ ఒక్క పువ్వు తీసేస్తే సరిపోతుందంది. అంతటితో ఆగలేదు. పెట్టెలో ఉన్నది కంపెనీ వాళ్ల డోలక్, మామ చెవికి అది ఆనదు. కాటమరాజు చెయ్యే పట్టి పెట్టెలో పెడితే?

"ఆయన రాడు గదమ్మా."

"ఆయన రావాల్సిన పన్లేదత్తా. పోయిన శ్రావణమాసంలో మీ అబ్బాయి ఫోన్‌లో తీసిన భజన ఉండాది."

ముందు పెట్టెను అటక మీద పచ్చడి జాడీల వెనక దాచారు. పంపించావా అని పుల్లారావు అడిగితే రామతులసమ్మ "పైకి పంపినాం" అంది. అటక పైనే కదా ఉంది. దేవుడి ముందు అబద్ధం ఆడలేదనే ధైర్యంతో దీపం వెలిగించింది గానీ, ఆ పూట పటంలో స్వామి తనను కొంచెం ఓరగా చూస్తున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత వారమంతా ఆయన దుకాణానికి పోగానే పెట్టె కిందికి దిగేది. ఫోన్లోంచి కాటమరాజు దెబ్బలను కోడలు ఒక్కొక్కటే కోసింది. ఎడమ చేతి గుమ్మనే దెబ్బ ఒకటి, కుడి చేతి టక్కుమనే దెబ్బ ఒకటి, ఆయన అరచేతిని తోలు మీద జార్చినప్పుడు వచ్చే మూలుగు ఒకటి. ముందూ వెనకా కత్తిరించి, ఫ్యాన్ రొద తీసి, ఒక్కో బిళ్లలో కూర్చోబెట్టింది. ఒక దెబ్బలో మాత్రం ఆదిలక్ష్మమ్మ దగ్గు అతుక్కుని వచ్చింది. వాళ్లు గమనించలేదు. శనివారం, కంపెనీ నుంచి బాగై వచ్చిందని చెప్పిన యంత్రాన్ని పరీక్షిస్తూ పుల్లారావు పాడుతుంటే వరసకొకసారి దగ్గు వినబడింది. ఆయన పాట ఆపి ఆదిలక్ష్మమ్మను మిరియాల కషాయం తాగమన్నాడు. నేను దగ్గలేదని ఆవిడ, దగ్గినావని ఈయన. కోడలు వైరు సరిచేస్తానని పెట్టెను లోపలికి తీసుకుపోయి ఆ దెబ్బ మార్చుకుని వచ్చింది.

ఆ మాటొకటి పక్కన పెడితే పాట అద్భుతంగా కుదిరింది. పుల్లారావు మింగినచోట పెట్టె కూడా మింగింది. కాటమరాజు వచ్చి కూర్చున్నట్టే ఉంది. కంపెనీవాళ్లు కంపెనీవాళ్లే అని పుల్లారావు మురిసిపోయాడు.

కానీ మనిషి గొంతు దారానికి గుచ్చిన దండ కాదు కదా. గుమ్మంలో కొత్తవాళ్లు కనబడితే ఆయన మింగడు సరికదా, సాగదీస్తాడు. ప్రసాదం గిన్నె బయటికి వస్తే రెండు మింగుతాడు. వాటికి కోడలు విడివిడిగా దండలు గుచ్చి వేరే బిళ్లల్లో పెట్టింది. ఏది ఎప్పుడు నొక్కాలో తెలిసేదెలా? దానికి రామతులసమ్మ ఉంది. ఆయన రెండు మింగబోయే ముందు ఎడమ కనుబొమ కొంచెం లేస్తుంది, సాగదీయబోయే ముందు గడ్డం పైకి పోతుంది. కోడలి వెనకే కూర్చుని వీపు మీద వేలితో ఒకసారో రెండుసార్లో తట్టేది. అత్తాకోడళ్లు ఇంత ఐకమత్యంగా ఉండటం చూసి బజారు వీధి ఆడవాళ్లు ముచ్చటపడ్డారు.

ఒక్కోసారి రామతులసమ్మకే సందేహం వచ్చేది. భజనలో ఈ దొంగతనమేంది, స్వామి ఏమనుకుంటాడు? ఆయన లెక్కపెట్టేది దెబ్బలనా, గొంతులో తడినా? దెబ్బలనే అయితే పుల్లారావు పాట ఇన్నేళ్లు ఆయన ఎలా విన్నాడు? అయినా శనివారం దీపం మాత్రం ఎప్పటిలాగే వెలిగించింది.

ఏకాహం రోజు అందరూ వ్యాన్లో బయల్దేరి, కంభంలో టీ తాగి, మార్కాపురం చేరారు. మందిరంలోకి అడుగుపెట్టగానే రామతులసమ్మ మీద రెండు పిడుగులు పడ్డాయి. మొదటిది, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చోవాలి. పెట్టె మైకుల దగ్గర మగవాళ్ల వైపు ఉండాలి కాబట్టి కోడలికి ఒక్కదానికే అక్కడ చోటిచ్చారు. వీపు తట్టే వీల్లేదు. సరే, ముక్కుపుడక ముట్టుకుంటే రెండు మింగుడు, చెవి ముట్టుకుంటే సాగుడు అని గుమ్మం దగ్గరే ఒప్పందం చేసుకున్నారు.

రెండో పిడుగు కాటమరాజు. గిద్దలూరుకు ముందు వంతు కొమరోలు జట్టుది. ఆ జట్టు మధ్యలో ఆయన డోలక్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పుల్లారావు చూశాడు, చూడనట్టు పటాల వైపు తిరిగాడు.

ఏకాహంలో ఒక పద్ధతి ఉంది. నామం తెగకూడదు గనక, వచ్చే జట్టు తాళం పూర్తిగా అందుకునేదాకా పోయే జట్టు డోలక్ ఆపకూడదు. కాసేపు రెండూ కలిసి మోగాలి. పుల్లారావు చేతి మైకు అందుకుని తన నాయన వరస ఎత్తుకున్నాడు. ప్రసన్నలక్ష్మి బిళ్ల నొక్కింది. మందిరంలోని స్పీకర్లలోంచి కాటమరాజు చెయ్యి పలికింది. కింద కూర్చున్న కాటమరాజు కొడుతూనే తల ఎత్తాడు. స్పీకర్ వైపు చూశాడు. తన అరచెయ్యి వైపు చూసుకున్నాడు. వరస చివర ఆ చెయ్యి, తను ఇన్నేళ్లు మింగినట్టే, సాఫీగా ఒక దెబ్బ మింగింది. కాటమరాజు మెల్లగా ఆడవాళ్ల వైపు తిరిగాడు. రామతులసమ్మకు పటం వైపు చూడటం తప్ప దారి కనబడలేదు.

నాలుగైదు వరసలు బాగానే నడిచాయి. ముక్కుపుడక ముట్టుకుంటోంది, కోడలు నొక్కుతోంది. కాటమరాజు పద్ధతి ప్రకారం చేతులు ఆపి కూర్చున్నాడు, లేచి మాత్రం పోలేదు. ఇంతలో పుల్లారావు నడవడం మొదలుపెట్టాడు. మందిరం మధ్యలో నిలువెత్తు దీపం, దాని చుట్టూ పూల మంటపం కట్టారు. పాడేవాడు దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తూ పాడటం అక్కడి ఆచారం. ఆయన మంటపం వెనక్కి పోగానే కనుబొమా కనబడలేదు, గడ్డమూ కనబడలేదు. బంతిపూలు తప్ప ఇంకేమీ కనబడలేదు. రామతులసమ్మ చెయ్యి ముక్కుకూ చెవికీ మధ్యలో ఆగిపోయింది. కోడలు ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయింది.

పూల వెనక పుల్లారావు రెండు మింగాడు. పెట్టె ఒకటే మింగింది. మందిరంలో జనం కొందరు ఆయనతో, కొందరు స్పీకర్‌తో పోయారు. నామం రెండు ముక్కలయింది. పుల్లారావు గొంతు తడబడి, సన్నబడి, ఆగబోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు కూడా, పూల వెనకున్న ఆయన చెవిన పడలేదంతే. మందిరం పెద్ద శ్రీరాములు కంగారుగా లేచి నిలబడ్డాడు.

ప్రసన్నలక్ష్మి ఆలోచించకుండా పెట్టె గొంతు నొక్కేసింది. స్పీకర్ మూగబోయింది. ఆ ఖాళీలో గుమ్మని ఒక దెబ్బ పడింది. కాటమరాజు పుల్లారావును చూడటం లేదు. పూల వెనకనుంచి వచ్చే ఊపిరిని వింటున్నాడు. ఆయన ఎక్కడ తూలితే అక్కడికే పోయి చెయ్యి అడ్డం పెట్టి లేపాడు. రెండో వరసకల్లా నామం ఒకటయింది.

పుల్లారావు మంటపం చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చేసరికి ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. పెట్టె ఆగి ఉండటం చూశాడు. ఎవరి చెయ్యి తనను నిలబెట్టిందో చూశాడు. ఏదో అనాలి, కానీ మాట్లాడటానికి లేదు, నామం తెగుతుంది. నడక ఆపి, వరస తప్పకుండా, పాటలోనే అన్నాడు:

"కాటమరాజన్నా, నోరు జారితి రామా."

భజనలో పాడేవాడు ఏది పాడితే జనం అది తిరిగి పాడాలి. అది రక్తంలో ఉన్న అలవాటు. మందిరంలో ఉన్న మూడొందల మందీ ఒక్క గొంతుతో అందుకున్నారు, "కాటమరాజన్నా, నోరు జారితి రామా."

"నలుగురిలో నిన్ను అంటిని రామా." జనమూ అన్నామని ఒప్పుకున్నారు. "నలుగురిలోనే తప్పొప్పుకుంటి రామా." అదీ ఒప్పుకున్నారు. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్లు మూసుకుని, చేతులు జోడించి, చెంపలు వేసుకుంటూ పాడింది. శ్రీరాములు అభ్యంతరం చెప్పడానికి చెయ్యి ఎత్తాడు గానీ, ప్రతి వరస చివరా రామా అని ఉంది కదా, ఏమని అభ్యంతరం చెప్పగలడు? ఎత్తిన చేత్తోనే తాళం వేశాడు.

అప్పుడు కాటమరాజు మైకు వైపు వంగాడు. రామతులసమ్మ కూర్చున్నచోటే ముందుకు జరిగింది. ఇప్పుడీయన నోరు తెరిచి ఉన్నమాట పాడితే? మింగే సంగతి మార్కాపురమంతా ఒక్క గొంతుతో పుల్లారావు మొహం మీదే పాడుతుంది. కాటమరాజు పాత అలవాటు ప్రకారం ఒకసారి ఆమె వైపు చూశాడు. ఈసారి ఆమె పటం వైపు తిరగలేదు. వద్దన్నట్టు ఆయన వైపే చూసింది.

"ఒప్పుకుంటే చాలదు రామా" అని ఎత్తుకున్నాడు కాటమరాజు. చాలదని జనమూ అన్నారు. రామతులసమ్మ తాళిబొట్టు గట్టిగా పట్టుకుంది.

"పెట్టెలో నా చెయ్యి ఉండాది రామా." పెట్టెలో తమ చెయ్యి ఉన్నట్టు మూడొందల మందీ మొరపెట్టుకున్నారు. "చెయ్యి తీసి నాకియ్యాల రామా."

పుల్లారావు ఏమీ అర్థంకాక కోడలి వైపు చూశాడు. కోడలు అత్త వైపు చూసింది. అత్త మెల్లగా తల ఊపింది. ప్రసన్నలక్ష్మి కాటమరాజు వైపు తిరిగి గొంతు సవరించుకుని, ఆర్కెస్ట్రాలో పెరిగిన పిల్ల కాబట్టి శ్రుతి తప్పకుండా పాడింది, "తీసేస్తా మామా, తీసేస్తా రామా." తీసేస్తామని జనం మాటిచ్చారు. ఆ సంవత్సరం ఏకాహంలో అంత ఊపుగా సాగిన వంతు మరొకటి లేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు. గిద్దలూరు వాళ్ల సాహిత్యం కొత్తగా ఉందని కూడా అన్నారు.

ఆ తర్వాత పుల్లారావు మనసు తేలికపడి గొంతు విప్పి పాడాడు. హాయిగా మింగాడు. కాటమరాజు హాయిగా మింగాడు. తిరిగి పాడీ పాడీ కాసేపటికి మందిరం మొత్తం మింగడం నేర్చుకుంది.

ఆ తర్వాతి వంతు వెలిగండ్ల వాళ్లది. వాళ్ల డోలక్ కుర్రాడు పద్ధతిగా నేర్చుకున్నవాడు. ఎనిమిదీ కొట్టాడు. మూడొందల మంది ఏడుకే ఎత్తుకున్నారు. కుర్రాడి చెయ్యి గాల్లో నిలిచిపోయింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ అంతే. చివరికి వాళ్లతోపాటే పోవడం నయమనుకుని తనూ ఒకటి మింగాడు. మందిరం కుదుటపడింది.

బయట ప్రసాదం దగ్గర కాటమరాజు ముందు పెట్టె తెరిచి పెట్టింది ప్రసన్నలక్ష్మి. తీసేసే ముందు ఒక్కసారి వినమంది. ఆయన బొటనవేలితో బిళ్ల నొక్కాడు. గుమ్మంది. ఇంకోసారి నొక్కాడు. "నా చెయ్యి ఇంత బాగుంటాదా?" అని తనలో తనే అనుకుని, తీసేయడం రేపు చూసుకోవచ్చులే అన్నాడు.

పుల్లారావు పులిహోర పొట్లం పట్టుకుని వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నాడు. చెమటతో నామం చెరిగింది. మొహం శనివారం రాత్రిలా మెత్తగా ఉంది. లోపలినుంచి వినబడుతున్న భజనకు కాసేపు చెవి పెట్టి, భార్య వైపు వంగాడు.

"వెలిగండ్లోళ్ల డోలక్ మొదట్లో ఒకటి ఎక్కువ కొట్టినాడు, చూసినావా? పాపం, కొత్తోడేమో."

రామతులసమ్మ కాటమరాజు వైపు చూసింది. కాటమరాజు పులిహోరలో మిరపకాయ ఏరుతున్నాడు.

"కొత్తోడే పుల్లన్నా" అన్నాడు, తల ఎత్తకుండా. "మెల్లగా నేర్చుకుంటాడులే."

కోడలు పెట్టె మీదికి వంగి మొహం దాచుకుంది. రామతులసమ్మకు ఇంక అక్కడ కూర్చోవడం కుదరలేదు. దీపం చుట్టూ ఇంకో ప్రదక్షిణం బాకీ ఉందని చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా మందిరంలోకి పోయింది.